పరాసు దొరకు మొదటి ముంత

మొన్న ఇక్కడ మలేషియాలో, సైబర్‌జయలో మా మునిమనవడి పుట్టినరోజు చేశారు. ఈ కాలంలో పుట్టినరోజుకు కూడా ఒక వేషం ఉండాలట. వాడు ఒక కంటికి నల్లగుడ్డ కట్టుకుని, నెత్తిన పుర్రె బొమ్మ టోపీ పెట్టుకుని, ప్లాస్టిక్ కత్తి తిప్పుతూ నేను కూర్చున్న సోఫా మీదికి దూకాడు. "తాతమ్మా, నేను పైరేట్ లా! ఫ్రాన్స్ పైరేట్! భయపడు!" అన్నాడు. వాడికి వచ్చిన తెలుగు దాదాపు అంతే. ఫ్రాన్స్ ఎందుకురా అంటే ఏదో బొమ్మల పుస్తకంలో ఉందన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎనభై దాటిన ముసలిదాన్ని, ఎస్టేటు తెలుగు బడిలో బెత్తం పట్టుకుని తరాల పిల్లల్ని హడలెత్తించినదాన్ని, ఆ నల్లగుడ్డ చూడగానే నా చేతులూ కాళ్ళూ చల్లబడ్డాయి. మనవడు బీపీ అనుకుని మందుల డబ్బా తెచ్చాడు. "బీపీ కాదు నాయనా, భయం" అన్నాను. అదీ వేళాకోళమనుకుని మళ్ళీ నవ్వి, కేకు కోయడానికి వెళ్ళిపోయారు.

నేను పుట్టి పెరిగింది సుంగై సుమున్ దగ్గర, సముద్రపు ఒడ్డున ఉన్న కొబ్బరి తోటలో. లయంలో, అంటే కూలీల ఇళ్ళ వరసలో, మాకు ఒక గది, దాని ముందు చెక్క నడవ ఉండేవి. ఆ ఒడ్డున పుట్టినవాళ్ళ ముక్కులో రెండు వాసనలు చచ్చేదాకా ఉండిపోతాయి. ఒకటి కొబ్బరి ఎండబెట్టే బట్టీ పొగ. మా అయ్య బట్టీలోనే పని చేసేవాడు. ఆయన బనీను, జుట్టు, ఆయన ముద్దు పెట్టుకున్న మా బుగ్గలు, అన్నీ పొగ, నూనె కలిసిన వాసన వేసేవి. రెండోది బురద. సముద్రం అంటే ఇసుక, గొడుగులు, ఐస్‌క్రీము అనుకునే మా మనవలకు చెప్తే నమ్మరు గానీ, మా సముద్రానికి ఇసుకే లేదు. ఆటు వేళ నీళ్ళు కనుచూపు మేర వెనక్కి పోయేవి, బూడిదరంగు బురద బయటపడేది. అది లోపల ఎవరో గొణుగుతున్నట్టు బుడబుడమనేది. పగటిపూట కూడా నేను ఆ వైపు ఒంటరిగా వెళ్ళేదాన్ని కాదు.

చుట్టూ నీళ్ళే, తాగేందుకు మాత్రం ఉండేవి కావు. కాలవల్లో నీళ్ళు ఉప్పగా ఉండేవి. రేకు కప్పు మీద పడిన వాననీటిని దోనె గుండా పెద్ద చీనా జాడీల్లోకి పట్టుకునేవాళ్ళం. వానలు వెనకబడితే జాడీ అడుగు తేలేది. అప్పుడు మా అమ్మ సూరమ్మ ఆ అడుగునీళ్ళను గుడ్డలో వడగట్టి, కాచి, ఎవరికెంత పోయాలో కళ్ళతోనే కొలిచి పోసేది. అంట్లు బూడిదతో తోమి ఉప్పునీళ్ళతోనే కడిగేవాళ్ళం. స్నానమంటే తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే.

అంత కటకటలోనూ రోజూ మొదటి ముంత మాది కాదు. అది పరాసు దొరది. పరాసులంటే ఫ్రాన్సు వాళ్ళు, మా పెద్దవాళ్ళు అలాగే అనేవారు. తెల్లవారి, పనివాళ్ళను పిలిచే గంట కొట్టకముందే మా తాత సిమ్మాచలం జాడీ మూత తీసి, ఇత్తడి ముంత నిండా ముంచి, లయం చివరికి వెళ్ళి సముద్రం వైపు తిరిగి నేల మీద పోసేవాడు. "తాగు దొరా. మా మీదికి రాకు" అనేవాడు. మంత్రం అంతే. ఆయన తిరిగి వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గుక్కెడు నీళ్ళు తాగకూడదు. తోటలో తెలుగువాళ్ళలో అమ్మవారికి మొక్కేవాళ్ళు మొక్కేవారు, చర్చికి పోయేవాళ్ళు పోయేవారు. మా ఇంటికి మాత్రం వీటన్నిటి పైన ఒక ఓడదొంగ ఉండేవాడు.

తాత అప్పటికి పని మానేశాడు. ఆదివారం మధ్యాహ్నాలు నడవలో కూర్చుని కొబ్బరిపీచుతో తాడు పేనుతూ, మా ఉత్తరాంధ్ర ముసలివాళ్ళ అలవాటు ప్రకారం చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ పీల్చేవాడు. మాట్లాడుతుంటే నోట్లో ఎర్రగా కణకణలాడేది. ఆ నోటితోనే దొర కథ చెప్పేవాడు. నాకు వినాలని ఉండేది కాదు. అయినా లేచి పోలేకపోయేదాన్ని, ఎందుకంటే వినని రోజు కథ నా తలలో ఇంకా ఘోరంగా నడిచేది.

"ఆడూ ఒకమ్మకి పుట్టినోడే గుంటా" అని నన్ను పిలిచి మొదలుపెట్టేవాడు తాత. "రాళ్ళ మీద కెరటాలిరిగే ఊరు ఆడిది. అయ్య సేపలకెల్లి తిరిగి రానేదు. తల్లి కూడెట్టనేక ఓడెక్కించీసినాది." ఆ ఓడలో వాడికి తుపాకీ మందు మోసే పని. కాళ్ళు తడబడితే కెప్టెన్ తారు పట్టించిన తాడుతో కొట్టేవాడు. తిండి పురుగులు పట్టిన రొట్టె, ఉప్పు మాంసం. నెలల తరబడి పచ్చటి ఆకు కంటికి కనబడక చిగుళ్ళు వాచి, తోటివాళ్ళ పళ్ళు రాలిపోతుంటే చూస్తూ పెరిగాడు. నీళ్ళ పీపా పక్కన కత్తి పట్టుకుని ఒకడు కాపలా ఉండేవాడట. బంగారానికి కాపలా లేని ఓడలున్నాయి గానీ నీళ్ళకు కాపలా లేని ఓడ లేదనేవాడు తాత.

పెద్దయ్యాక దొర తానే కెప్టెనై మోరీసు దీవికి, అంటే ఇప్పటి మారిషస్ కు, చేరాడు. అప్పుడు తెల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ యుద్ధం. ఇంగ్లీషు ఓడల్ని దోచుకోవచ్చని పరాసు రాజు వాడికి అనుమతి ఇచ్చాడు. దొర మన కోస్తాకు వచ్చిపడ్డాడు. భీమిలి నుంచి కళింగపట్నం దాకా తెరచాప కనబడితే జనం వంటగిన్నెలతో సహా కొండలెక్కేవారట. మందు పేలి ఒక కన్ను పోతే దాని మీద నల్లగుడ్డ కట్టాడు. తర్వాత యుద్ధం ఆగింది. నిన్నటిదాకా దొర అన్నవాళ్ళే దొంగ అన్నారు. దొరికితే సొంత దేశం వాళ్ళే ఉరితీస్తారు. "అలాగైతే మానీయొచ్చు కదా తాతా?" అని అడిగాను ఒకసారి. "మానీసి ఏటి సేస్తాడే? ఆడికి దున్నడం వచ్చునా, నెయ్యడం వచ్చునా? నేల మీద ఆడికి ఒక్క మడిసైనా ఉన్నాడేటి?" అన్నాడు తాత, నేనే వాణ్ణి ఓడెక్కించినంత కోపంగా.

కళింగపట్నం దగ్గర దొర ఒక బియ్యం పడవను పట్టుకున్నాడు. అందులో మా వంశంలో వెనకటివాడు ఒకాయన ఉన్నాడు. తాత ఆయన పేరు ఎప్పుడూ పలకలేదు, "మనోడు" అనేవాడు. మిగతావాళ్ళు కాళ్ళ మీద పడి ఏడుస్తుంటే మనవాడు పగిలిన పీపా కింద కుండ పెట్టి కారుతున్న నీళ్ళు పట్టాడట. దొర అది చూశాడు. చంపలేదు. తన ఓడలో నీళ్ళు పంచే పని ఇచ్చాడు. మనిషికి రోజుకు ఒక ముంత, కెప్టెన్‌కైనా అంతే. దొర అందరూ తాగాక చివర తాగేవాడు. మన భాషలో దొరకు వచ్చిన మాట ఒక్కటే, అది మనవాడు నేర్పిందే. ముంత అందుకుంటూ "నీల్లు" అనేవాడట, దండం పెట్టినట్టు.

చివరికి ఇంగ్లీషు ఓడ వెంటపడితే దొర మలాక్కా జలసంధిలో దూరి, పెరాక్ నది మొగలో బురదలో కూరుకుపోయాడు. ఆటుకు నీళ్ళు వెనక్కి పోయాయి. ఓడ పక్కకు ఒరిగింది. సగంమంది జ్వరంతో పడి ఉన్నారు, దొర లేచి నిలబడలేడు. పోటు వచ్చినప్పుడు మనవాడూ మరికొందరూ చిన్న పడవ దింపి, మిగిలిన ఒక్క పీపా అందులోకి ఎక్కించారు. నదిలో పైకి వెళ్ళి మంచినీళ్ళు నింపి తెస్తామని చెప్పారు. దొర నమ్మాడు. వాళ్ళు వెనక్కి రాలేదు. నది మలుపు తిరిగేదాకా వెనకనుంచి ఆ గొంతు వినబడుతూనే ఉందట. నీల్లు, నీల్లు. మనవాడు ఎలాగో ఊరు చేరి, పెళ్ళాడి, పిల్లల్ని కని, మంచంలో చచ్చాడు. పోయే ముందు నోటి దగ్గర చెంబు పెడితే మింగుడు పడలేదని, కొడుకులకు ఈ కథ అప్పుడే చెప్పాడని మా తాత చెప్పేవాడు. ఆనాటి నుంచి మా ఇంట్లో మొదటి ముంత దొరది.

ఇంతవరకూ అయితే అది ఎక్కడో జరిగిన కథ. కానీ కూలీలను తెచ్చే మేస్త్రీ తాతను మలయాకు తెచ్చి, ఆ పెరాక్ నది మొగ పక్కనున్న ఈ తోటలోనే దింపాడు. పడవ దిగి బురదను చూడగానే తాత అక్కడే ఆగిపోయాడట. "మనం రానేదు గుంటా" అనేవాడు. "ఆడే పిలిపించుకున్నాడు." ఆయన మమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. ఆయనే అందరికన్నా ఎక్కువ భయపడ్డాడు, ఆ భయాన్ని ఒంటరిగా మోయలేక మా చేత కూడా మోయించాడు. బురద బుడబుడమంటే నేను చెవులు మూసుకునేదాన్ని. అంతకంటే ఘోరం, నాకు దాహం వేస్తే భయం వేసేది. ఇది నా దాహమా, దొరదా? ఎవర్నీ అడగలేక నోట్లో ఉమ్మి మింగుతూ కూర్చునేదాన్ని.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. జాడీలు అడుగంటాయి, కాలవ నీళ్ళు పచ్చగా మారాయి, లయంలోకి వాంతులూ విరేచనాల జబ్బు వచ్చింది. దాన్ని పేరు పెట్టి పిలిచేవారు కారు, "అది వచ్చినాది" అనుకునేవారు. మా ఇంట్లో మొదట నా తమ్ముడు పైడియ్యకు వచ్చింది. గోడ పట్టుకుని అప్పుడప్పుడే అడుగులేస్తున్న పిల్లవాడు. పొద్దున్నకల్లా కళ్ళు గుంటలు పడ్డాయి. జాడీ వైపు చేతులు చాచి నోరు తెరిచాడు. అమ్మ ముంత అందుకుంది. తాత గుమ్మంలో నిలబడి అరిచాడు: "పొయ్యకు! అడుగుతున్నది గుంటడు కాదు. దొర లోనకి దిగినాడు. పోస్తే ఆడికి బలం. ఎండగడితే ఎల్లిపోతాడు."

విరేచనాలకు నీళ్ళు పోయకూడదని అప్పట్లో లయంలో చాలామంది అనేవారు. మా ఇంట్లో ఆ నమ్మకానికి దొర కూడా తోడయ్యాడు, ఇక దానికి ఎదురులేకపోయింది. ఎస్టేటు ఆసుపత్రికి తీసుకెళ్దామని అయ్య గొణిగాడు. అక్కడైతే నీళ్ళు పోసేస్తారని తాత ఒప్పుకోలేదు. అయ్య తాత మాట ఎన్నడూ దాటలేదు, ఆ రోజూ దాటలేదు. అమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమె మామగారి ఎదుట నిలబడేది కాదు, ఏదైనా చెప్పాలంటే తలుపు చాటునుంచి పిల్లలమైన మా చేత చెప్పించేది. దొరను బుజ్జగించడానికి తాత ఒక ముంత కాదు, ముంత తర్వాత ముంత బయట పోశాడు. ఇంట్లో మిగిలిన మంచినీళ్ళు నేల తాగింది. నా తమ్ముడు అమ్మ మెడ మీది చెమట నాకాడు. మధ్యాహ్నం గంట కొట్టేవేళకు వాడి నాలుక కదలడం మానేసింది.

వాణ్ణి పూడ్చి వచ్చాక సాయంత్రం చిన్న జల్లు పడి జాడీ అడుగు కాస్త తడిసింది. అప్పటికే నా కడుపులో మెలిపెడుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే దొర నాలో ఉన్నాడని తెలిసిపోతుంది. ఎంతసేపు దాచగలను? చాప మీద పడిపోయాను. పిక్కలు పట్టేశాయి. నోరు ఎండి, నాలుక అంగిటికి అంటుకుపోయింది. దాహం అంటే ఏమిటో అంతకు ముందు నాకు తెలియదు, ఆ తర్వాత ఎవరికీ వద్దని కోరుకున్నాను. ఎప్పుడో నా నోట్లోంచి "నీల్లు" అని వచ్చింది. ఆ గొంతు బొంగురుగా, మగగొంతులా ఉంది. అది విని నేను హడలిపోయాను. అది దొర మాటే. ఇక నేను లేననుకున్నాను. తాత నా తల దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు. "అడక్కు తల్లీ. నూకాలూ, నోరు మూసుకోవే నా తల్లీ. ఆడిని అడగనీయకు" అంటున్నాడు. ఆయనకు నేనంటే ప్రాణం. ఆయన ప్రేమలో నాకు ఎన్నడూ అనుమానం లేదు, అందుకే ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

తెల్లవారింది. తాత లేచి, మొదటి ముంత ముంచుకుని గుమ్మం వైపు నడిచాడు. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. తల మీద కొంగు లేదు. ఆమె మామగారి ముఖంలోకి సూటిగా చూడటం నేను మొదటిసారి చూశాను.

"ఇలాగియ్యి మాఁవా" అంది.

"కోడలా! ఏటి సేస్తున్నావు? పిల్లని ఆడికిచ్చీస్తావేటి?"

"తీసుకుపోనీ. ఒకడు నాలిక పిడసగట్టి పోనాడు. ఇది తాగి పోద్ది."

"పోస్తే సచ్చిపోద్దే!"

"సావనీ. తాగి సావనీ."

ముంత లాక్కుంది. తాత అడ్డుపడబోతే అయ్య వచ్చి ఆయన భుజాలు పట్టుకున్నాడు. అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని ముంత నోటికి ఆనించింది. నేను పళ్ళు బిగించాను. నీళ్ళ వాసనకు ఒళ్ళంతా లాగేస్తున్నా పళ్ళు బిగించాను, మింగితే అది దొర గొంతులోకి పోతుందని. అమ్మ నా దవడలు నొక్కి పట్టుకుంది. "ఇప్పు. ఇప్పవే నోరు. నీలోకి ఏ దొరా దిగనేదు. నువ్వు నూకాలువి, నా కడుపున పుట్టినావు. తాగు!" నా పెదవి చిట్లింది. నెత్తుటితో కలిసి ఒక గుక్క లోపలికి పోయింది. తర్వాత మొత్తం నేనే తాగాను. తాగిందంతా కక్కాను. అమ్మ మళ్ళీ పోసింది. కక్కాను, మళ్ళీ పోసింది. తర్వాత ఉప్పు వేసిన గంజివార్పు చెంచాతో పోసింది. ఆమె ముఖంలో ఆశ లేదు, నన్ను తడి నోటితో సాగనంపుతున్నానని మాత్రమే అనుకుంది. తాత బయట సముద్రం వైపు తిరిగి చతికిలబడి, "నన్ను తీసుకుపో దొరా, దాన్నొదిలీ" అని గొంతు పోయేదాకా మొత్తుకున్నాడు. దొర ఎవర్నీ తీసుకుపోలేదు.

నేను బతికాను. లేచి కూర్చుని గంజి అడిగిన రోజు అయ్య పెద్దగా ఏడ్చాడు, పక్కింటి వాళ్ళు చూడటానికి వచ్చారు. అమ్మ మాత్రం ఇంట్లో లేదు. వెనకవైపు నుంచి మూలుగు వినిపిస్తే ఆటు వేళ బురద అనుకుని చెవులు మూసుకున్నాను. ఎంతకీ ఆగకపోతే చెక్క సందులోంచి చూశాను. అమ్మ నేల మీద బోర్లా పడి ఉంది. నేను బతికినందుకు అంత ఏడుపెందుకో నాకు అర్థం కాలేదు. తాత ఆ తర్వాత ముంత ముట్టలేదు, దొర ఊసు ఎత్తలేదు. చుట్ట కూడా మానేసి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. అమ్మ ఆయనకు ఒక్క పూటా అన్నం తప్పించలేదు. కానీ మళ్ళీ ఎప్పుడూ "మాఁవా" అని పిలవలేదు. నేను నీళ్ళు తాగుతుంటే మాత్రం ముఖం అటు తిప్పుకునేది.

ఇప్పుడు మునిమనవడికి కడుపు పాడైతే మనవరాలు ఓఆర్ఎస్ పొట్లం చింపి, పొడిని నీళ్ళలో కలిపి తాగిస్తుంది, వాడు రుచి బాగాలేదని గోల చేస్తాడు. ఓడదొంగ కేకు మీది బొమ్మయ్యాడు. మంచిదే. పిల్లలు వాడితో ఆడుకోవడమే న్యాయం. నిజంగా అలాంటి పరాసువాడు ఒకడు ఉండేవాడో, మా తాతలు అల్లుకున్నారో నాకు తెలియదు. ఉండి ఉంటే, తల్లి అన్నం పెట్టలేక ఓడెక్కించిన ఆ పిల్లవాడి మీద నాకు జాలే. బురదలో పడి ఉండి ఆయన అడిగింది నీళ్ళు, మా పైడియ్యను కాదు. నాకిప్పుడు దొర భయం లేదు. మా తాతలాంటి ప్రేమగల మనిషి చేత అలాంటి పని చేయించిన ఆ భయం అంటేనే భయం. అది చచ్చిందని నేను నమ్మను, వేషం మార్చుకుని ఉంటుంది.

అమ్మ చాలా కాలం బతికింది, చివరి ఏళ్ళు నా ఇంట్లోనే. నాకు పిల్లలు పుట్టాక ఒక మధ్యాహ్నం అడిగాను: "నన్ను దక్కించుకున్నావు కదమ్మా. ఆ రోజు నీకు సంతోషం వెయ్యలేదా?" ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నువ్వు సావనేదని తెలిసిన పొద్దే, పైడియ్య కూడా సావక్కర్నేదని తెలిసిపోనాది" అంది.

నేను నీళ్ళు తాగే ప్రతిసారీ మా అమ్మ ముఖం ఎందుకు తిప్పుకునేదో నాకు అప్పుడు తెలిసింది.